ఇంటింటికీ తుప్పు విముక్తి

తుప్పు తొలగింపులో మా జిల్లాకి రాష్ట్రంలోనే మొదటి స్థానం వచ్చిందని మీరు పేపర్లో చదివే ఉంటారు. ఆ వార్త పక్కన ఒక టబ్బు ఫొటో వేశారు. అది మా ఇంటి టబ్బు. మా ఆవిడ అన్నవేణి దుప్పట్లు నానబెట్టుకునే నీలం రంగు ప్లాస్టిక్ టబ్బు. ప్రారంభోత్సవానికని పట్టుకెళ్ళినవాళ్ళు ఇంతవరకూ తిరిగి ఇవ్వలేదు. ఆవిడ ఆ సంగతి మర్చిపోలేదు, నన్ను మర్చిపోనివ్వడమూ లేదు.

నా పేరు కడలి భాస్కర్రావు. డ్రెయిన్ల శాఖలో ఫిట్టర్ని. గోగులంక దగ్గర ఉప్పుటేటి మీద ఒక తూము ఉంది. దానికో పెద్ద ఇనుప తలుపు. సముద్రం పోటు మీదున్నప్పుడు ఆ తలుపు దించాలి, లేకపోతే ఉప్పునీళ్ళు చేలల్లోకి ఎక్కుతాయి. ఆటు మీదున్నప్పుడు ఎత్తాలి, లేకపోతే చేలల్లోని వాననీళ్ళు బయటికి పోవు. రోజుకి రెండుసార్లు ఎత్తడం, రెండుసార్లు దించడం. ఇరవై రెండేళ్ళుగా ఈ పని చేస్తున్నది లస్కరు గుబ్బల ధర్మారావు. తలుపు తిప్పడానికి ఉన్నది ఒకే ఒక్క హ్యాండిల్. ఎప్పటిదో, ఆరు కిలోల ఇనుము. అది ఆ తలుపు మరకి తప్ప దేనికీ పట్టదు, ఆ మరకి ఇంకే హ్యాండిలూ పట్టదు.

ఉప్పుగాలికి ఆ హ్యాండిల్ తుప్పెక్కి, మరలో కూర్చునే కన్ను పూడుకుపోయింది. ధర్మారావు ప్రతిసారీ సుత్తితో కొట్టి ఎక్కించి, సుత్తితో కొట్టి ఊడదీసేవాడు. శుభ్రం చేయించమని మూడేళ్ళలో నేను ఏడు ఉత్తరాలు రాశాను. ఏడింటికీ "పరిశీలనలో ఉన్నది" అని జవాబు వచ్చింది. చివరికి విసుగొచ్చి, ఒక ఆదివారం దాన్ని ఇంటికి పట్టుకెళ్ళి మా ఆవిడ టబ్బులో పెట్టాను.

పద్ధతి పెద్ద విద్యేమీ కాదు. టబ్బులో నీళ్ళు పోసి గుప్పెడు బట్టల సోడా కలపాలి. తుప్పు పట్టిన వస్తువు ఒక పక్క, పనికిరాని ఇనుప రేకు ఇంకో పక్క, ఒకదానికొకటి తగలకుండా వేలాడదీయాలి. బ్యాటరీ ఛార్జర్ తెచ్చి నల్ల క్లిప్పు వస్తువుకి, ఎర్ర క్లిప్పు రేకుకి తగిలించాలి. కరెంటు పెట్టగానే బుడగలు లేస్తాయి. ఆరుబయట పెట్టుకోవాలి, పక్కన బీడీ కాల్చకూడదు. కొన్ని గంటలకి వస్తువు మీద తుప్పు వదులవుతుంది, రేకు కరిగి నీళ్ళలో గోధుమరంగు మడ్డి చేరుతుంది. వస్తువుని బ్రష్షుతో రుద్ది, ఆరబెట్టి, నూనె రాస్తే సరి. క్లిప్పులు తారుమారైతే మాత్రం రేకు బదులు వస్తువే కరుగుతుంది. గుర్తు పెట్టుకోవలసింది ఇదొక్కటే.

సోమవారం హ్యాండిల్ తీసుకెళ్ళి ధర్మారావు చేతికిచ్చాను. సుత్తి అవసరం లేకుండా మరలో కూర్చుంది. అతను రెండు చుట్లు తిప్పి, ఆగి, నా వంక చూసి, మళ్ళీ తిప్పాడు. ఆ రోజు అవసరం లేకపోయినా తలుపుని మూడుసార్లు ఎత్తి దించాడు. నాకూ భలే సంతోషమేసింది. ఆ సంతోషంలో బుద్ధి గడ్డి తిని, ముందూ తర్వాతా ఫొటోలు రెండూ మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టాను.

అప్పటిదాకా ఆ గ్రూపులో గులాబీ పువ్వులతో శుభోదయాలు తప్ప ఏమీ ఉండేవి కావు. నా ఫొటో చూసి మా ఈఈ, అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, విశ్వపతి గారు చలించిపోయారు. నన్ను పిలిపించి, కుర్చీలో కూర్చోబెట్టి, మధ్యమధ్య కళ్ళు మూసుకుంటూ మాట్లాడారు. విద్యుద్విశ్లేషణ ప్రక్రియ ద్వారా గృహస్థాయిలో తుప్పును సమూలంగా నిర్మూలించవలసిన చారిత్రక ఆవశ్యకత ఏర్పడిందన్నారు. తూములకీ తలుపులకీ ఇలా చేయిస్తే బాగుంటుందండీ అని నేనన్నాను. ఆయన చేయెత్తి నన్ను ఆపారు. తూములకి చేస్తే మరమ్మతు అవుతుందట. ఇళ్ళలో చేస్తే పథకం అవుతుందట.

నెల తిరక్కుండానే జిల్లా అంతటికీ పథకం మంజూరైంది. పేరు "ఇంటింటికీ తుప్పు విముక్తి". అమలు బాధ్యత మా డివిజన్‌ది. నేను సాంకేతిక సహాయకుణ్ణి. ప్రారంభోత్సవానికి అసలు టబ్బే కావాలన్నారు కనుక మా ఆవిడ టబ్బు పట్టుకెళ్ళి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మామిడాకులు కట్టారు. ముఖ్య అతిథి తన ఇంట్లోని పాత కొడవలి ఒకటి తెచ్చారు. మేళం వాయిస్తున్నారు, కెమెరాలు సిద్ధంగా ఉన్నాయి. నేను వినయంగా నల్ల క్లిప్పు ఆయన చేతికి అందించబోయాను.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "శుభమా అని మొదలెడుతూ నలుపు ముట్టుకోమంటావేంటయ్యా?" అన్నారు.

మాట సబబే. మా వైపు ఏ ఇంట్లోనూ శుభకార్యంలో నలుపు ముట్టుకోరు. పక్కనున్నవాళ్ళందరూ నేనేదో కావాలని చేసినట్టు చూశారు. ముఖ్య అతిథి ఎర్ర క్లిప్పు తీసుకుని, కళ్ళకద్దుకుని, కొడవలికి తగిలించారు. నల్లది రేకుకి పోయింది. స్విచ్ వేశారు. క్లిప్పులు మార్చడానికి నేను ఒక అడుగు ముందుకు వేస్తే మా ఏఈ, అసిస్టెంట్ ఇంజనీరు లావణ్యప్రభ గారు నా మోచెయ్యి పట్టుకుని, టీవీలో వస్తోంది, ఇప్పుడు ముట్టుకోకండి అని గొణిగారు. ఉపన్యాసాలు రెండున్నర గంటలు సాగాయి. ఆఖరికి నీళ్ళు చిక్కటి గోధుమరంగుకి తిరిగాయి. తమ ఇంట్లో ఇంత తుప్పు దాగి ఉందని తెలియదని ముఖ్య అతిథి ఆశ్చర్యపోయారు. కొడవలికి పళ్ళు ఊడిన సంగతి ఎవరూ చూడలేదు. రేకు మాత్రం కొత్తదానిలా ఉంది. దాన్ని కూడా ఫొటో తీశారు.

మర్నాడు ఈఈ గారి దగ్గరికి వెళ్ళి క్లిప్పులు తారుమారయ్యాయని చెప్పాను. ఆయన పేపరు నా ముందుకు తోశారు. మొదటి పేజీలో ఫొటో, అందులో ముఖ్య అతిథి, ఎర్ర క్లిప్పు, కొడవలి.

"ఫొటో వెళ్ళిపోయిందయ్యా భాస్కర్రావ్. ఇక పద్ధతి ఫొటోకి అనుగుణంగా ఉండాలి."

పోనీ ఛార్జర్ల మీద క్లిప్పుల రంగులు మార్పిద్దామండీ అన్నాను. రంగులు టెండర్లో ఖరారైపోయాయన్నారు. వస్తువులు కరిగిపోతాయండీ అన్నాను. క్షేత్రస్థాయి సిబ్బంది నిరాశావాదానికి లోనుకాకూడదన్నారు. నేను బయటికి వచ్చేసరికి సర్క్యులర్ టైపవుతోంది. "లబ్ధిదారుని వస్తువునకు ఎర్ర క్లిప్పును మాత్రమే తగిలించవలెను. ఉల్లంఘించినవారిపై కఠిన చర్యలు గైకొనబడును." దాని కింద, సాంకేతిక సహాయకుడి హోదాలో, నా సంతకం కూడా తీసుకున్నారు. పెట్టాను. పిల్లల ఫీజులున్నాయి, రిటైర్మెంటుకి తొమ్మిదేళ్ళుంది, ఇంకా ఏవేవో అనుకుని పెట్టాను.

ఇంటికో టబ్బు, ఛార్జరు పంచి, నెలకి రెండు కిలోల మడ్డి లక్ష్యంగా పెట్టారు. మడ్డి ఎండబెట్టి వార్డు ఆఫీసులో తూయించి రసీదు తీసుకోవాలి. మొదటి వారం జనం తుప్పు పట్టిన మేకులూ గొళ్ళాలూ వేశారు. రెండో వారం తుప్పు పట్టనివి వేశారు. మూడో వారానికి ఊళ్ళో కత్తిపీటలకి కత్తులు పోయి పీటలే మిగిలాయి. వంకాయలు చేత్తో విరుచుకుంటున్నారు. మా వీధి హైస్కూల్లో గంటగా వేలాడదీసిన రైలు పట్టా ముక్క బడి లక్ష్యం కింద టబ్బులోకి పోయింది. అప్పట్నుంచి హెడ్మాస్టరు గారే వరండాలో నిలబడి గంట కొట్టినట్టు అరుస్తున్నారు. పోస్ట్‌మేన్ సైకిల్ లేక నడిచి వస్తున్నాడు.

ఇంట్లో ఇనుము లేదన్నవాళ్ళని మా వాళ్ళు నమ్మలేదు. తుప్పు దాస్తున్నారన్న అనుమానంతో తనిఖీ బృందాలు వేశారు. ఆ బృందాల భయానికి జనం బజారుకెళ్ళి కొత్త మేకులు కిలోల లెక్కన కొని, పొట్లాం విప్పకుండా టబ్బులో వేసేవాళ్ళు. ఇనుప సామాన్ల కొట్టు ఆయన్ని స్టేజీ మీదికి పిలిచి సన్మానించారు. ఇంతలో ఒక వార్డులో మడ్డి ఉన్నట్టుండి రెట్టింపైంది. ఏమిటా అని చూస్తే, వాళ్ళు లక్ష్యం అందక తూకం రాళ్ళని కూడా టబ్బులో వేశారు. సగం కరిగిన రాళ్ళతో తూచేసరికి మడ్డి రెట్టింపు తూగింది. ఈ వినూత్న ఆలోచనను మిగతా వార్డులు ఆదర్శంగా తీసుకోవాలని ఈఈ గారు మెమో పంపారు.

వస్తువులు మాయమవుతున్నాయని ఫిర్యాదులు మొదలయ్యాయి. ఏఈ లావణ్యప్రభ గారు కొత్తగా ఉద్యోగంలో చేరిన మనిషి, ఇంకా చదివింది గుర్తున్న మనిషి. ఆవిడ ధైర్యం చేసి ఒక నోట్ పెట్టారు. దానికి ఈఈ గారిచ్చిన వివరణ నేను ప్రతి అక్షరం గుర్తుంచుకున్నాను. "వస్తువు ఉన్నంతకాలం దానికి తిరిగి తుప్పు పట్టు అవకాశమును తోసిపుచ్చజాలము. వస్తువు లేనిచోట తుప్పు శాశ్వతముగా లేదు. కావున వస్తువు అదృశ్యమగుటను పథకము యొక్క సంపూర్ణ ఫలితముగా పరిగణించవలెను." ఆ రోజు నుంచి వస్తువు కొంచెం మిగిలితే పాక్షిక విముక్తి, అసలు మిగలకపోతే సంపూర్ణ విముక్తి. సంపూర్ణ విముక్తి పొందిన ఇళ్ళ గుమ్మాలకి స్టిక్కర్లు అంటించారు. స్టిక్కర్లున్న ఇళ్ళకి తలుపులు తాళ్ళతో కట్టి ఉండేవి, మడత బందులు లేవు కనుక.

నాకు శాలువా కప్పారు. "జిల్లా తుప్పు మిత్ర" అని బిరుదిచ్చారు. ఇంటికొచ్చి శాలువా మంచం మీద పెట్టాను. అన్నవేణి దాన్ని మడతపెట్టి బీరువా దగ్గరికి వెళ్ళి, బీరువా ముక్కలై మా లక్ష్యం కింద పోయిందని గుర్తొచ్చి, వెనక్కి వచ్చింది.

"ఏవండీ, క్లిప్పు ఎక్కడ పెట్టాలో ఈ జిల్లాలో తెలిసింది మీ ఒక్కరికి. తెలియనోళ్ళతో పాటు మీరూ చప్పట్లు కొట్టారు. నాకు సిగ్గేస్తోంది" అంది.

నేను అన్నం తినకుండా లేచాను. ఆవిడ బతిమాలలేదు.

అక్టోబరులో సంపూర్ణ జిల్లాగా ప్రకటించుకోవడానికి అంతా సిద్ధమైంది. ముందు అమలు శాఖ తన ఇల్లు చక్కదిద్దుకోవాలి కదా. మా డివిజన్‌లోని పారలు, గునపాలు, రెంచీలు అప్పటికే విముక్తి పొందాయి. తూము తలుపులు టబ్బులో పట్టవు కనుక వాటికి మినహాయింపు ఇచ్చారు. జాబితాలో మిగిలింది ఒక్కటే. గోగులంక తూము హ్యాండిల్.

నేను పరుగెత్తుకెళ్ళాను. దానికి తుప్పు లేదండీ, నేనే మా ఇంట్లో తీశానండీ, పథకం పుట్టిందే దానివల్ల కదండీ అన్నాను.

"అప్పుడు మడ్డి తూచారా?" అన్నారు ఈఈ గారు.

"లేదండి."

"తూచని తుప్పు పోయినట్టు కాదు."

సాయంత్రానికి ధర్మారావు కూడా వచ్చాడు. అతను ఆఫీసుకి రావడం ఇరవై రెండేళ్ళలో అది రెండోసారి. చెప్పులు బయట విడిచి, తలపాగా చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆ తూము వెనక ఆరువందల యాభై ఎకరాల వరి ఉంది. వెన్ను తీసి, గింజ పాలు పోసుకుంటోంది. అందులో అతని కౌలు చేను రెండున్నర ఎకరాలు. వాన పడితే ఆటు ఆటుకీ తలుపు ఎత్తాలి, మూడు రోజులు నీళ్ళు నిలిస్తే గింజ ఉండదు.

"హేండిల్ కరిగిపోతే తలుపెలా ఎత్తాలండి బాబూ?" అన్నాడు.

కొత్త హ్యాండిల్‌కి ఇండెంట్ పెట్టుకోమన్నారు ఈఈ గారు. ఇండెంట్ ఫారం తెప్పించి చూశాం. నాలుగో పేరాలో, పాత హ్యాండిల్‌ను నమూనాగా జతపరచవలెను అని ఉంది. పాతది జతపరిస్తే విముక్తికి ఏం ఇస్తారు, విముక్తికి ఇస్తే ఏం జతపరుస్తారు అని లావణ్యప్రభ గారు నెమ్మదిగా అడిగారు. రెండు విభాగాలూ సమన్వయంతో ముందుకు వెళ్ళాలన్నారు ఈఈ గారు. ధర్మారావుకి ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, హ్యాండిల్ పోతుందని మాత్రం అర్థమైంది. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని చాలాసేపు లేవలేదు.

ముహూర్తం సోమవారం పది గంటలకి. తూము గట్టు మీదే షామియానా వేశారు. మా ఆవిడ టబ్బుకి మళ్ళీ పసుపు రాశారు. పెద్ద వస్తువు, ఛార్జర్‌తో అయ్యే పని కాదని జనరేటరు, వెల్డింగ్ మిషన్ తెప్పించారు. దాంతో ముప్పై గంటల్లో ఆరు కిలోల ఇనుము ఆనవాలు లేకుండా పోతుంది. ఖాళీ టబ్బుని వీడియో తీయడానికి మంగళవారం నాలుగు గంటలకి వస్తామన్నారు. పదింటికి సముద్రం పోటు మీద ఉంది. ఆదేశాల ప్రకారం ధర్మారావు తలుపు కిందికి దించి, హ్యాండిల్ ఊడదీసి, తువ్వాలుతో తుడిచి, రెండు చేతులతో ఈఈ గారికి అప్పగించాడు. నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది, తిట్టినా బాగుండేది.

ఎర్ర క్లిప్పు ఈఈ గారు స్వయంగా హ్యాండిల్‌కి తగిలించారు. నల్లది నేను రేకుకి తగిలించాను. సర్క్యులర్‌లో ఉన్నట్టే జరిగింది. ఆయన ఉపన్యాసం మొదలుపెట్టారు. అందరూ అటు తిరిగి ఉన్నప్పుడు నేను మిషన్ వెనక్కి వెళ్ళి కూర్చున్నాను. రెండు బోల్టులు విప్పాను. ఎర్ర తీగ ఉన్నచోట నల్లది, నల్లది ఉన్నచోట ఎర్రది బిగించి, లేచి వచ్చి వరసలో నిలబడ్డాను. స్విచ్ వేశారు. బుడగలు లేచాయి. ఎవరికీ చెప్పలేదు. ధర్మారావుకి కూడా చెప్పలేదు, అతని మొహంలో ఏదైనా కనపడితే ఇద్దరం దొరికిపోతాం.

మధ్యాహ్నం రెండింటికి వాన మొదలైంది. అల్పపీడనమట. నాలుగింటికి ఆటు వచ్చింది, తలుపు ఎత్తలేదు. తెల్లవారుజామున ఇంకో ఆటు వచ్చింది, తలుపు ఎత్తలేదు. మంగళవారం పొద్దున్నకి చేలల్లో నీళ్ళు వెన్నుల మెడదాకా వచ్చాయి. ఊరి రైతులు గొడుగులేసుకుని గట్టు మీద నిలబడ్డారు. ధర్మారావు రాత్రంతా షామియానా కిందే, టబ్బు పక్కన గోనెసంచి మీద కూర్చున్నాడని చెప్పారు. నీళ్ళు చిక్కగా, గోధుమరంగులో ఉన్నాయి, లోపల ఏమున్నదీ కనపడదు. అతను శవం పక్కన కూర్చున్నట్టు కూర్చున్నాడు. అప్పుడైనా చెవిలో చెప్పవలసింది. కాపలాకి పెట్టిన సిబ్బంది నలుగురున్నారని భయపడ్డాను.

నాలుగింటికి ఈఈ గారు, ఏఈ గారు, కెమెరా మనిషి వచ్చారు. జనరేటరు ఆపారు. ఈఈ గారు కెమెరా వంక చూసి, ఈ క్షణంతో మన డివిజన్ సంపూర్ణ విముక్తి సాధించినదని ప్రకటిస్తూ, ఎర్ర క్లిప్పు ఉన్న తీగ పట్టుకుని పైకి లాగారు. తీగ రాలేదు. ఇంకొంచెం గట్టిగా లాగారు. బరువుగా కదిలింది. రెండు చేతులతో లాగితే మడ్డి నీళ్ళు కార్చుకుంటూ హ్యాండిల్ పైకి లేచింది. నల్లగా, నిండుగా, అంగుళం తరగకుండా ఉంది. నల్ల క్లిప్పుకి వేలాడవలసిన రేకు లేదు, చిన్న పేలిక మిగిలింది.

ధర్మారావు గోనెసంచి మీద నుంచి లేచాడు. హ్యాండిల్‌ని ముందు ఒక వేలితో తాకి చూశాడు. తర్వాత క్లిప్పు ఊడదీసి, దాన్ని ఒళ్ళోకి తీసుకుని, తూము మెట్లెక్కాడు.

"ధర్మారావ్, అది పథకం వస్తువు. కింద పెట్టు" అన్నారు ఈఈ గారు.

అతను వినిపించుకోలేదు. మరలో పెట్టి తిప్పాడు. పైకి పరుగెత్తుకెళ్ళి నేనూ ఒక చెయ్యి వేశాను. తలుపు కిందనుంచి నీళ్ళు తోసుకుని ఉప్పుటేట్లోకి దూకాయి. గట్టు మీద రైతులు గొడుగులు పడేసి కిందికి చూస్తున్నారు. ధర్మారావు తిప్పుతూనే ఏడుస్తున్నాడు. నేనూ ఏడ్చాను. కెమెరా మనిషికి ఆపమని ఎవరూ చెప్పలేదు కనుక అతను ఇదంతా తీశాడు.

బుధవారం విచారణ. ఈఈ గారు ప్రశ్నలడిగారు, లావణ్యప్రభ గారు రాసుకున్నారు. మడ్డి తూచారు, ఆరు కిలోలకి పైనే ఉంది. మడ్డి వచ్చి, వస్తువూ మిగలడం పథకం చరిత్రలో లేదన్నారు. వస్తువు నుంచి రాని మడ్డి ఎక్కడిదో తేలాలన్నారు. ప్రభుత్వ రేకు గల్లంతైన విషయం వేరే అంశంగా నమోదు చేయించారు. ఎర్ర క్లిప్పు హ్యాండిల్‌కే ఉన్నట్టు వీడియోలో స్పష్టంగా ఉంది, కాబట్టి నా మీద ఏ తప్పూ కనపడలేదు. విముక్తి పూర్తికాని వస్తువును బలవంతంగా ఎత్తుకెళ్ళిన నేరం కింద ధర్మారావుని ఉద్యోగంలోంచి తీసేయాలని నిర్ణయించి, కాగితం నా ముందుకు తోశారు, సాక్షి సంతకానికి.

అంతకుముందు ఒక కాగితం మీద సంతకం పెట్టిన చేతికి ఈసారి పెన్ను పట్టు చిక్కలేదు. మిషన్ వెనక తీగలు మార్చింది నేనేనని చెప్పాను.

"ఎందుకు మార్చారు?" అన్నారు ఈఈ గారు.

"హ్యాండిల్ మిగలాలనండి."

"మిగలాలని సర్క్యులర్‌లో ఉందా?"

"లేదండి."

ఆయన లావణ్యప్రభ గారి వైపు తిరిగి, ఉద్దేశపూర్వకంగా వస్తువును మిగిల్చినట్లు అంగీకరించాడు అని రాయమన్నారు. ఆవిడ రాశారు. ఆ నేరం మీదే నన్ను సస్పెండ్ చేశారు; సాక్షి సంతకం లేక ధర్మారావు కాగితం అలాగే ఉండిపోయింది. ఇంటికెళ్ళి అన్నవేణికి చెప్పాను. ఆ రోజు రెండు గుడ్లు ఎక్కువ వండింది.

హ్యాండిల్‌ని స్వాధీనం చేసుకుని తిరిగి టబ్బులో పెట్టవలసిందిగా శుక్రవారం ఉత్తర్వు వచ్చింది. అది పట్టుకుని లావణ్యప్రభ గారు జీపులో తూము దగ్గరికి వచ్చారు. సస్పెన్షన్‌లో ఉన్న మనిషికి వేరే పనేముంటుంది, నేనూ అక్కడే ఉన్నాను. చేలల్లో నీళ్ళు దిగాయి, వరి తల ఎత్తింది. ఆవిడ అటు చూసి, ఉత్తర్వు చూసి, అదేమిటో ధర్మారావుకి చదివి వినిపించారు. అతను శ్రద్ధగా విన్నాడు. పెట్టెలోంచి హ్యాండిల్ తీసి ఆవిడ ముందు అరుగు మీద పెట్టాడు.

"పట్టుకెళ్ళండమ్మా. మీ తప్పు లేదు. ఇంకో గంటకి పోటు వస్తాది. తలుపు దించాలి. మళ్ళీ ఆటుకి ఎత్తాలి. ఎవరు దించుతారో, ఎవరు ఎత్తుతారో ఆళ్ళ పేరు ఈ కాయితం మీద రాయించి ఇచ్చేయండి. రైతులడిగితే సూపిస్తాను."

ఆవిడ ఈఈ గారికి ఫోన్ చేశారు. స్పీకరు పెట్టారు. పేరు అక్కర్లేదు, హోదా రాయమన్నారాయన. ఏ హోదా అండీ, మీ హోదా రాయమంటారా అని ఆవిడ అడిగారు. ఆయన, ఇది విధానపరమైన అంశమని, పై అధికారుల నిర్ణయం కావాలని అన్నారు. తర్వాత ఆ పై అధికారి జిల్లా స్థాయి కమిటీని అడగాలన్నారు. కమిటీ, పేరు నింపవలసింది ఏ స్థాయి అధికారి అని స్పష్టత కోరుతూ పైకి రాసింది. అంతవరకూ యథాస్థితి కొనసాగించవలెనన్నారు.

ఆ శుక్రవారం మాత్రం లావణ్యప్రభ గారు ఉత్తర్వు మీద "పేరు:" అని రాసి, ఒక గీత గీసి, ధర్మారావు చేతికిచ్చి జీపెక్కారు. వెళ్ళేముందు హ్యాండిల్‌కి నూనె రాయండని నాతో అన్నారు.

ఇది జరిగి ఎనిమిది నెలలైంది. జిల్లాకి మొదటి స్థానం ఇచ్చేటప్పుడు, ఒక్క వస్తువు విషయం పరిశీలనలో ఉన్నదని కింద చిన్న అక్షరాల్లో వేశారట. నా సస్పెన్షన్ ఎత్తలేదు. ధాన్యం ఇళ్ళకి చేరింది. ఆ కాగితం తూము గదిలో మేకుకి గుచ్చుదామంటే ఊళ్ళో మేకు దొరక్క, ధర్మారావు దాన్ని తలపాగాలో పెట్టుకు తిరుగుతున్నాడు. గీత మీద ఇంతవరకూ ఎవరూ పేరు రాయలేదు. పోటు వేళకి అతను ఒక పక్క, నేను ఒక పక్క హ్యాండిల్ పట్టుకుని తలుపు దించుతున్నాం.